సదానందం కారుకు ఏ నూనె

నా కారు కొన్నవాడు సదానందం. అందుకని అతని కథ చెప్పే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను. కొంత ఏమిటి, మొత్తం ఉంది. సూరత్ పక్క భేస్తాన్‌లో మా సొసైటీ మొత్తం మీద ఆ కారు గురించి నాకంటే ఎక్కువ మాట్లాడినవాడు లేడు, సాంబయ్య తప్ప. సాంబయ్య మాట్లాడేవి మాటల కింద జమకట్టనక్కర్లేదు.

నా పేరు వీరరాఘవయ్య. మాది బాపట్ల వైపు. ఉధనా స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరై, ఈ సూరత్‌లోనే ఉండిపోయాను. కంటికి ఆపరేషన్ అయ్యాక ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని ఇంట్లో అందరూ తీర్మానించారు. నా తెల్ల కారు అమ్మకానికి పెట్టాను. అప్పటికే దానికి వయసు మీరింది, నిజమే. కానీ మనిషి లాగా చూసుకున్నాను. కింది వాటాలో ఉండే సదానందం ఒకరోజు వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"సార్, బండి ఇస్తరట గద. ఒక్కపారి బానెట్ లేపి సూపిస్తరా?"

ఎవరైనా సీట్లు చూస్తారు, టైర్లు చూస్తారు, పెయింటు ఎక్కడ పోయిందో చూస్తారు. ఇతను ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, స్టార్ట్ చెయ్యమన్నాడు. చేశాను. తల పక్కకి వంచి చాలాసేపు విన్నాడు.

"మంచిగ మాట్లాడుతున్నది," అన్నాడు. బేరం అయిపోయింది. నడపడం వచ్చా అని నేను అడిగింది ఆ తర్వాత. రాదుట. నేర్చుకుంటానన్నాడు, నేర్చుకున్నాడు కూడా.

సదానందానిది సిరిసిల్ల పక్క పల్లె. మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి పాండేసర దగ్గర ఒక కార్ఖానాలో సాంచెలకు నూనె పోసే పనిలో చేరాడు. సాంచ అంటే వాళ్ల భాషలో మరమగ్గం. షిఫ్టు మారే ముందు వరసలోని ప్రతి సాంచకూ నూనె పడాలి. పడకుండా స్విచ్ వెయ్యడం అక్కడ మహాపాపం. పోసిన నూనె సాంచలో నిలవదు. కదిలే ఇనుమంతా తడిసి, కారి, నేల మీదికి పోతుంది. మళ్లీ షిఫ్టుకు మళ్లీ పొయ్యాలి. పొడుగు ముక్కు డబ్బా పట్టుకుని సదానందం వరసల మధ్య నడుస్తుంటే, ఏ సాంచకు ఎక్కడ దాహం వేస్తోందో వినికిడి మీదే చెప్పేవాడట. తర్వాత మాస్టరయ్యాడు, అంటే సాంచెలు బాగుచేసేవాడు. మాస్టరయినా నూనె డబ్బా మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

మొన్నీమధ్య కార్ఖానా సేఠు పాత సాంచెలన్నీ తూకానికి అమ్మేసి కొత్తవి దింపాడు. వాటికి ఒకరు నూనె పొయ్యక్కర్లేదు. మూలన ఒక తొట్టి, సన్నటి గొట్టాలు, ఎంత కావాలో అవే తాగుతాయి. సేఠు మంచివాడు, సదానందాన్ని పొమ్మనలేదు. నేసిన బట్టలో మరకలు వెతికే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"మరకలు గూడ ఉంటలెవ్వు సార్ ఇప్పుడు. నూనె వోసెటోడే లేడు గద," అన్నాడు నాతో ఒకసారి, నవ్వుతూనే.

కారు కొన్నది ఆ తర్వాత నెలలో. అతని భార్య సారక్కకు అది మొదటి రోజు నుంచీ కిట్టలేదు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు లేసు అంచులు కుట్టి వ్యాపారికి ఇస్తుంది. సాంచెల పీడ వదిలిందనుకుంటే ఇంకో సాంచ తెచ్చి గుమ్మం ముందు కట్టేశాడని వాడంతా చెప్పుకుంది.

నెల తిరక్కముందే కారు పొగ మొదలెట్టింది. నీలం పొగ. నా దగ్గరున్నన్నాళ్లూ అగరుబత్తి పాటి పొగ కూడా వదలని కారు. కింద నేల మీద నల్లటి మరకలు కూడా. పొద్దున అది స్టార్టయితే చాలు, పొగంతా సరాసరి సారక్క ఇంట్లోకి పోయేది. కుట్టిన చీరలకు ఆ వాసన పట్టిందని వ్యాపారి ఒక మూట వెనక్కి పంపాడు.

"సారూ, మీరిచ్చిన బండి చుట్ట తాగుతున్నది," అంది సారక్క మెట్ల మీద ఎదురై.

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మినవాణ్ణి నేను. రేపు నలుగురూ ఏమనుకుంటారు? ఆ సాయంత్రమే సదానందాన్ని పిలిచి విషయం తేల్చి చెప్పాను.

"పాత ఇంజన్. ఇన్నాళ్లూ మామూలు నూనె తాగింది. లోపల మడ్డి పేరుకుని ఉంటుంది. ఈసారి సింథటిక్ నూనె పొయ్యి. వేడికి తొందరగా కాలిపోదు, లోపల శుభ్రం చేస్తుంది. పొగ అదే తగ్గుతుంది."

ఇదంతా నేను ఫోన్‌లో చూసి నేర్చుకున్నదే గానీ, ఆ సంగతి చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు. ఎదురింటి అరుగు మీంచి సాంబయ్య దిగి వచ్చాడు. అతను టెంపో నడుపుతాడు. పాండేసర మిల్లుల నుంచి మార్కెట్‌కు బట్టల మూటలు తోలుతూ, తోవలో ఆగిపోయిన ప్రతి బండికీ సలహా ఇస్తాడు.

"సారు చెప్పేది కొత్త బండ్ల ముచ్చట. సింథటిక్ అంటే నీళ్ల లెక్క పల్సగ ఉంటది. పాత ఇంజన్ల రబ్బరు సీళ్లు ఎండిపోయి ఉంటయ్. సారు మడ్డి అంటున్నరు సూడు, గా మడ్డే సందులు మూసి నూనెను ఆపుతున్నది. గది కడిగినవనుకో, సందుకొక ధార. పాత ఇంజన్‌కు మామూలు నూనెనే, జర చిక్కటిది. నా మాటిను."

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. సాంబయ్య నోట వచ్చింది కాబట్టి నేను ఒప్పుకోలేదు.

"నూనె మట్టం చూసుకుంటున్నావా?" అని మాత్రం సదానందాన్ని అడిగాను. అడగవలసింది నేను అడిగానని ఇక్కడ రాసి పెట్టుకోండి.

"ఎన్నడు తక్కువ గాలేదు సార్. నిండుగ ఉంటది," అన్నాడు.

ఇంకేం కావాలి? బాధ్యత గల మనిషి అనుకున్నాను. రోజూ పొద్దున అతను బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి ఏదో చూసుకోవడం నా బాల్కనీలోంచి కనిపిస్తూనే ఉండేది. కారును అంత ప్రేమగా చూసుకునేవాడి చేతికి అమ్మానని నాకు ముచ్చటగా ఉండేది.

పెద్దవాణ్ణి కాబట్టి నా మాటే చెల్లింది. సదానందం పాత నూనె తీసేసి, ఫిల్టర్ మార్చి, సింథటిక్ పోశాడు. మెకానిక్ దగ్గరికి వెళ్లే అలవాటు అతనికి లేదు. మాస్టర్ కదా, తన బండి ఇంకొకడు విప్పితే నామోషీ. మర్నాటి నుంచి పొగ మాయం. నేను రోజుకు రెండుసార్లు పనిగట్టుకుని కిందికి దిగి, సాంబయ్య అరుగు మీదున్న సమయం చూసి, కారు వెనక్కి వెళ్లి గట్టిగా గాలి పీల్చేవాణ్ణి. మూడో వారం తిరిగేసరికి ఆ గాలిలో నీలం పొగ కలిసింది. నేల మీద మరకలు మునుపటికంటే పెద్దవయ్యాయి.

"నేనేం జెప్పిన? సందుకొక ధార," అన్నాడు సాంబయ్య.

తర్వాత అతని వంతు. చిక్కటి మామూలు నూనె పడింది. మళ్లీ పొగ మాయం. ఇప్పుడు సాంబయ్య కారు వెనక నిలబడి గాలి పీల్చడం, నేను బాల్కనీ తలుపు వేసుకోవడం. పక్షం రోజులు పోయాక మళ్లీ అదే పొగ, అవే మరకలు. నేను తలుపు తీశాను. ఆ రోజు నేను తాగిన కాఫీ రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఇద్దరి నూనెలూ ఓడిపోయినా ఇద్దరం ఒప్పుకోలేదు. వాడ రెండు పక్షాలయింది. రైల్వేవాళ్లూ బ్యాంకువాళ్లూ నా వైపు, సాంచెలవాళ్లూ డ్రైవర్లూ సాంబయ్య వైపు. మధ్యలో సదానందం ఇద్దరికీ తలూపేవాడు. చివరికి సారక్క విసుగెత్తి తీర్పు చెప్పింది.

"మా చెల్లె ఐలమ్మ కడోదరల ఇల్లు గట్టింది. వచ్చే వారం పాలు పొంగిస్తరు. గా పొద్దు గీ బండ్లెనె పోతం. పొగ లేకుంట పోయొస్తె బండి ఉంటది. తొవ్వల పొగ వెట్టిందా, తెల్లారి భంగార్ సేఠు వచ్చి ఇనుము కింద తీస్కపోతడు. నేను మాట్లాడి వెట్టిన. నూనె సంగతి గూడ ఇనుండ్రి. సారు చెప్పింది సగం, సాంబయ్య చెప్పింది సగం. మల్ల నా గుమ్మం ముంగట పంచాయితీ వెట్టొద్దు."

అలాగే సగం సగం పడింది. ఆ సాయంత్రం సదానందం మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. మామూలుగా నాతో సమానంగా కూర్చోడు.

"గా బండి పోతె సార్, పొద్దుగాల్ల లేసుడు ఎందుకో గూడ నాకు తెల్వదు," అన్నాడు.

కారు మీద మోజు అనుకున్నాను. మరీ అంత ముదిరిందా అని లోలోపల నవ్వుకున్నాను కూడా.

ఐలమ్మ పిలిచింది వాడంతటినీ. కారులో మాత్రం సారక్క ముందు సీట్లో, నేనూ సాంబయ్యా వెనక. ఇద్దరం ఎందుకు ఎక్కామంటే, పొగ వస్తే అది ఎవరి సగం వల్ల వచ్చిందో అక్కడికక్కడ తేల్చడానికి. సారక్క పట్టుచీర కట్టుకుని, ఒళ్లో పసుపు కుంకుమల పళ్లెం పెట్టుకుని కూర్చుంది. సదానందం మెల్లగా తోలాడు. ఊరు దాటేదాకా అంతా బాగుంది. హైవే ఎక్కి కాస్త వేగం అందుకున్నాక, వెనక వస్తున్న లారీవాడు హారన్ కొట్టి చేత్తో సైగ చేశాడు. తిరిగి చూస్తే లారీ కనబడలేదు. అంతా నీలం.

సదానందం కారు పక్కకి తీసి, కడోదరా చౌరస్తా ముందున్న ఒక షెడ్డు దగ్గర ఆపాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి కిందికి చూస్తూ ఉండిపోయాడు. సారక్క తలుపు పట్టుకుని, ఒక కాలు దింపి ఆగి, రెండో కాలు దింపి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. చాలాసేపు కూర్చుని లేస్తే ఆమెకు మోకాళ్లు వెంటనే సాగవు.

షెడ్డులోంచి వచ్చిన మెకానిక్ పేరు గణపతి. మా మాటలు విని తెలుగులోకి దిగాడు. మెట్‌పల్లివాళ్ల పిల్లవాడట, పుట్టింది మాత్రం ఇక్కడే.

"ఇంజన్ నూనె ఎప్పుడు వోసిండ్రు కాకా?"

"ఇయ్యాల్ల పొద్దుగాల్ల," అన్నాడు సదానందం.

"పాతది తీసి మార్చిండ్రా?"

"మార్చలె. పోసిన. శుభకార్యానికి పోతున్నం గద అని ఇయ్యాల్ల జర ఎక్కువనే పోసిన."

"సరె. అంతకు ముంగట ఎప్పుడు?"

"నిన్న పొద్దుగాల్ల."

గణపతి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మొన్న?"

"మొన్న ఎందుకు వొయ్య? మొన్న గూడ బండి నడిపిన గద."

"రోజు వోస్తడు బిడ్డా," అంది సారక్క, ఇందులో అడగడానికేముందన్నట్టు. "పొయ్యకుంట ఎట్ల స్టార్ట్ జేస్తరు?"

నేనూ సాంబయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాదన మొదలయ్యాక అదే మొదటిసారి మేము ఒకే పక్షాన ఉండటం.

గణపతి నవ్వలేదు. అతని తండ్రిదీ సాంచెల పనేనట. ఇంజన్‌లోంచి నూనె కొలిచే పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి తీసి సదానందం కళ్ల ముందు పెట్టాడు. పుల్ల చివర రెండు గీతలున్నాయి. నూనె వాటిని ఎప్పుడో దాటి పైకి పోయింది.

"గీ రెండు గీతల నడుమ ఉండాలె కాకా. సాంచల వోసిన నూనె కారిపోతది, అందుకని మల్ల పోస్తరు. ఇంజన్ల గట్ల గాదు. గిది మూసిన కుండ. పోసింది లోపట్నే తిరుగుతది. ఎక్కువైతె లోపల తిరిగే ఇనుము దాన్ని చల్ల చిలికినట్టు చిలుకుతది. నురగొస్తది. గది సందు దొరికిన కాడికి తన్నుకొస్తది, కొంత కారుతది, కొంత కాలి పొగైతది."

సదానందం పుల్ల చేతిలోకి తీసుకుని రెండు గీతల మీదా బొటనవేలు పెట్టి చూశాడు. "నిండుగ ఉంటె మంచిదనుకున్న," అన్నాడు.

నూనె మార్చినప్పుడల్లా పొగ ఎందుకు పోయిందో, కొన్నాళ్లకు మళ్లీ ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఏ నూనె పోసినా సదానందం దాన్ని గీత దాటించేవాడు. అయినా అంత దూరం వచ్చి అసలు సంగతి తేల్చుకోకుండా పోవడం నా వల్ల కాలేదు. సాంబయ్య వల్లా కాలేదు.

"ఇంతకీ ఈ ఇంజన్‌కు ఏది మంచిది? సింథటికా, మామూలుదా?" అని ఇద్దరం ఒకేసారి అడిగాం.

"ఏది వోసినా నడుస్తది సార్. సింథటిక్ వోస్తె కొంపేం మునగదు. సీలు ముందే ఖరాబై ఉంటె కారుడు బయటపడ్తది, గంతే. సీలు మంచిగుంటె పాత ఇంజన్‌కు గూడ పొయ్యొచ్చు. గీ బండికి వెనక సీలు జర చెమర్చుతున్నది, నడిపేది గూడ తక్కువ. అందుకని బండి బుక్కుల రాసిన చిక్కదనం సూసి మామూలు నూనె వోసుకుంటె సాలు. టైముకు మార్చుండ్రి. నడుమ మట్టం సూడుండ్రి. తక్కువుంటెనే పొయ్యిండ్రి."

'మామూలు నూనె' అన్నది ఒక్కటే సాంబయ్యకు వినబడింది. 'కొంపేం మునగదు' అన్నది ఒక్కటే నాకు వినబడింది. ఇద్దరం తృప్తిగా నిలబడ్డాం.

గణపతి కింద బోల్టు వదులు చేసి, ఎక్కువైన నూనెను డబ్బాలోకి దింపాడు. ఆ నల్లటి నూనె దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది. స్టార్ట్ చేస్తే ముందు కాస్త పొగ వచ్చింది, లోపల మిగిలింది కాలిపోయాక ఆగిపోయింది. సారక్క వెనక్కి వెళ్లి వంగి చూసింది. తెల్ల రుమాలు తెచ్చి పొగగొట్టం ముందు పట్టి, తిప్పి చూసి, వాసన కూడా చూసింది.

"సరె. ఉండనీయ్," అంది.

కారు దక్కింది. సదానందం ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను గణపతికి దండం పెట్టి, బానెట్ మూసి, మూసిన బానెట్ మీద కాసేపు చెయ్యి ఉంచి వచ్చి కూర్చున్నాడు.

ఐలమ్మ ఇంట్లో పాలు పొంగేలోపే సాంబయ్య ఈ కథ ఇల్లంతా పొంగించాడు. ఇక చూసుకోండి. మాస్టర్, నా స్కూటర్‌కు కూడా పొద్దున కొంచెం పొయ్యి అని ఒకడు. కుక్కర్‌కు నూనె పడకుండా పప్పు ఎట్లా ఉడికింది ఐలమ్మా అని ఇంకొకడు. నేను మాత్రం ఊరుకున్నానా? రైలింజన్ అయితే ఏం చేసేవాడివి సదానందం, ట్యాంకరు తెప్పించేవాడివా అన్నాను. అందరితో పాటు తనూ నవ్వాడు. అప్పుడు అతని చేతి మీద నా కన్ను పడింది. విస్తరి ముందు కూర్చుని, ముద్ద కలపకుండా, బొటనవేలూ చూపుడువేలూ ఊరికే రాసుకుంటున్నాడు. నూనె జిగురు చూసే మనిషి రాసుకున్నట్టు. నాకు మనసు చివుక్కుమంది.

తిరుగు ప్రయాణంలో సాంబయ్య వెనక సీట్లో గుర్రుపెట్టాడు. నేను కళ్లు మూసుకున్నానే గాని నిద్రపోలేదు. కారు నిజంగానే బాగా నడుస్తోంది.

"బండి మిగిలింది గద. మొకం గట్ల వెట్టినవేంది?" అంది సారక్క.

సదానందం గేరు మార్చి, చేతి వేళ్లు చూసుకున్నాడు.

"బండి మిగిలింది. ముట్టుకునుడు పోయింది," అన్నాడు. "చిన్నప్పటి సంది పొద్దుగాల్ల లేస్తె నా చేతుల నూనె ఉండాలె. సాంచెలు నువ్వు వద్దన్నయ్. పోనీ తియ్ అనుకున్న. గీ ఇంజన్ అన్న నా చేతి నూనె తాగుతున్నదనుకుంటి. గిది గూడ వద్దనె. ఇగ నాతోని ఎవలికి పనున్నది?"

కదిలితే మెలకువగా ఉన్నానని తెలిసిపోతుందని కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను. సారక్క అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాసేపటికి పళ్లెం ఒళ్లోంచి తీసి కింద పెట్టింది.

"నా మోకాళ్లు వద్దంటలెవ్వు," అంది. "చీరల ముంగట కూసోని కూసోని ఎండిపోయినయ్. ఇన్నేండ్లు ఊరందరి సాంచలకు వోసినవ్, నాకు ఒక్కనాడన్న రాసినవా? పొద్దుగాల్ల లేసి గీటికి రాయి. ఎంత రాసినా తాగుతయ్. పొగ రాదు."

కారు కొద్దిగా పక్కకి పోయి మళ్లీ తోవలోకి వచ్చింది.

మర్నాడు పొద్దున పాలప్యాకెట్ కోసం కిందికి దిగాను. కారు దాని మానాన అది నిలబడి ఉంది. సారక్క గుమ్మంలో పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. సదానందం గిన్నెలో నూనె గోరువెచ్చగా చేసి తెచ్చాడు. రెండు వేళ్లతో రాసి చూసుకుని, వాసన చూసి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. వెంటనే రాయలేదు. ఎడమ మోకాలి మీద అరచెయ్యి ఆనించి, కాలు ఒకసారి ముడిచి చాపమని, తల పక్కకి వంచాడు.

"ఏం జేస్తున్నవయ్యా?" అంది సారక్క.

"ఊకో. ఇననీ," అన్నాడు సదానందం.

ఆమె ఊరుకుంది. నేను పాలప్యాకెట్ తీసుకుని, చప్పుడు కాకుండా పైకి వచ్చేశాను.